లేజర్ వెలుగులో ఎలక్ట్రాన్ల లెక్క

(వాతావరణ పీడన ప్లాస్మాపై పనిచేస్తున్న పరిశోధక విద్యార్థుల కోసం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఆర్గాన్ జెట్టో హీలియం జెట్టో, అంటే గొట్టంలోంచి బయటికి దూకే ప్లాస్మా (కొంత భాగం ఎలక్ట్రాన్లుగా, అయాన్లుగా విడిపోయిన వాయువు), వెలిగించినవాళ్లే. దాంతో పాలిమర్ ఉపరితలాన్ని మార్చడం, సూక్ష్మజీవులను చంపడం, నీటిలో పెరాక్సైడ్ పుట్టించడం చేస్తుంటారు. ఈ పనులన్నిటినీ నడిపించేవి ఎలక్ట్రాన్లు. అణువును విరగ్గొట్టేదీ, పరమాణువును ఉత్తేజపరిచేదీ అవే. చర్య ఎంత వేగంగా జరుగుతుందో చెప్పాలంటే ఘనమీటరులో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో, వాటి ఉష్ణోగ్రత ఎంతో తెలియాలి. వోల్టేజి, కరెంటు కొలిచి "పవర్ ఇంత" అని రాసుకుంటే ఆ సంగతి తెలియదు.

తక్కువ పీడనంలో అయితే లాంగ్‌మ్యూర్ ప్రోబ్ (ప్లాస్మాలో దూర్చి కరెంటు కొలిచే సన్నటి తీగ) పెట్టి కొలుస్తాం. వాతావరణ పీడనంలో ఆ దారి మూసుకుపోయినట్టే. ఎలక్ట్రాన్ ఒక ఢీకి, ఇంకో ఢీకి మధ్య వెళ్లే దూరం ఇక్కడ కొన్ని మైక్రోమీటర్లకు మించదు. ప్రోబ్ తీగ మందం వంద మైక్రోమీటర్లు. ఢీలు లేకుండా ఎలక్ట్రాన్లు తీగను చేరతాయన్న ఊహ మీద నిలబడ్డ సిద్ధాంతం అక్కడే కూలిపోతుంది. పైగా మన ప్లాస్మా వెడల్పే ఒక మిల్లీమీటరు. అందులోకి లోహపు తీగ దూర్చాక మనం కొలిచేది వేరే ప్లాస్మా అవుతుంది.

అందుకే లేజర్. ఎలక్ట్రాన్ మీద కాంతి పడితే అది ఊగుతుంది, ఊగుతూ అన్ని దిక్కులకీ కాంతిని వెదజల్లుతుంది. దీన్నే థామ్సన్ పరిక్షేపణం అంటాం. దీని గొప్పతనం ఏమిటంటే ఇందులో పరమాణు భౌతికశాస్త్రం చిక్కులేవీ లేవు. ఏ స్థాయిలో ఎన్ని పరమాణువులున్నాయి, సమతాస్థితి ఉందా లేదా అన్న ప్రశ్నలు రావు. ఒక్క ఎలక్ట్రాన్ 90 డిగ్రీల్లో ఎంత వెదజల్లుతుందో అన్నది ఒకే స్థిరాంకం: స్టెరేడియనుకు (ఘనకోణపు ప్రమాణం) 7.94 × 10⁻³⁰ చదరపు మీటర్లు. ఎలక్ట్రాన్ శాస్త్రీయ వ్యాసార్ధం 2.82 × 10⁻¹⁵ మీటర్ల వర్గమే అది. లేజర్ రంగు మారినా ఈ అంకె మారదు.

1960లో రూబీ లేజర్ వచ్చిన కొన్నేళ్లకే ఈ పద్ధతి ప్రయోగశాలల్లోకి వచ్చింది. 1969లో ఇంగ్లండులోని కల్‌హామ్ శాస్త్రవేత్తలు తమ సామగ్రినంతా మాస్కోకు తీసుకెళ్లి, టీ-3 టోకమాక్‌లో (అయస్కాంత క్షేత్రంతో వేడి ప్లాస్మాను బంధించే కేంద్రక సంలీన యంత్రం) ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత సోవియట్లు చెప్పినంత ఉందని ఈ పద్ధతితోనే తేల్చారు. ప్రపంచమంతా టోకమాక్ వైపు తిరగడానికి ఆ కొలత పెద్ద కారణం. కానీ టోకమాక్‌లో ఉండేది దాదాపు పూర్తిగా అయనీకరణం చెందిన వాయువు. మన జెట్‌లో కథ తలకిందులు.

అంకెలతో చూద్దాం. గది ఉష్ణోగ్రతలో, వాతావరణ పీడనంలో ఘనమీటరుకు 2.45 × 10²⁵ పరమాణువులుంటాయి. మైక్రోవేవ్ ఆర్గాన్ జెట్‌లో ఎలక్ట్రాన్లు 10²⁰ నుంచి 10²¹ దాకా ఉంటాయి. బాగా వెలిగే జెట్ తీసుకున్నా పాతిక వేల పరమాణువులకు ఒక్క ఎలక్ట్రాన్: అరకిలో బియ్యంలో ఒక రాయి అన్నమాట. ఆర్గాన్ పరమాణువు కూడా కాంతిని వెదజల్లుతుంది, అది రేలీ పరిక్షేపణం. 532 నానోమీటర్ల దగ్గర దాని విలువ స్టెరేడియనుకు దాదాపు 5.4 × 10⁻³² చదరపు మీటర్లు. అంటే ఒక్కొక్కటిగా చూస్తే ఎలక్ట్రానే దాదాపు నూటయాభై రెట్లు బలం. కానీ గుంపుగా చూస్తే, ఎలక్ట్రాన్ సాంద్రత 10²⁰ ఉన్నప్పుడు రేలీ కాంతి థామ్సన్ కాంతికి దాదాపు 1700 రెట్లు. వాయువు వేడెక్కి 1200 కెల్విన్లకు చేరితే సాంద్రత నాలుగో వంతుకు పడి నిష్పత్తి 400 అవుతుంది. కొంత ఊరటే గానీ, సమస్య తీరిపోదు.

మనల్ని బతికించేది డాప్లర్ విస్తరణ, అంటే కదిలే కణం వెదజల్లే కాంతి రంగు దాని వేగాన్ని బట్టి జరగడం. ఒక ఎలక్ట్రాన్ వోల్టు (ప్లాస్మాలో ఉష్ణోగ్రతను చెప్పే శక్తి ప్రమాణం) ఉష్ణోగ్రతలో ఎలక్ట్రాన్ వేగం సెకనుకు దాదాపు 600 కిలోమీటర్లు. గది వేడిలో ఆర్గాన్ పరమాణువుది 350 మీటర్లు. అందుకని రేలీ కాంతి లేజర్ తరంగదైర్ఘ్యం మీదే సన్నటి గీతలా నిలబడుతుంది. థామ్సన్ కాంతి అటూ ఇటూ కొన్ని నానోమీటర్లు పరుచుకుంటుంది. మధ్యలో ఉన్న గీతను నల్లని పట్టీతో మూసేసి, రెక్కలను మాత్రం చూస్తే చాలు. ఉష్ణోగ్రత కూడా ఆ రెక్కల వెడల్పు నుంచే వస్తుంది. 532 నానోమీటర్ల లేజర్, 90 డిగ్రీల కోణం అయితే, ఎత్తు శిఖరంలో 37 శాతానికి దిగే చోటు మధ్య నుంచి ఎంత దూరమో నానోమీటర్లలో కొలిచి, వర్గం చేసి, 0.45తో గుణించండి. ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉష్ణోగ్రత వచ్చేస్తుంది. ఒక ఎలక్ట్రాన్ వోల్టుకు ఆ దూరం దాదాపు 1.5 నానోమీటర్లు.

"మూసేస్తే చాలు" అని తేలిగ్గా అన్నాను. అసలు కష్టమంతా అక్కడే ఉంది. మామూలు స్పెక్ట్రోమీటరులో ఒక గ్రేటింగే (కాంతిని రంగులుగా విడదీసే సన్నటి గీతల పలక) ఉంటుంది. సన్నటి గీతను లోపలికి పంపినా గ్రేటింగ్ లోపాల వల్ల దాని కాంతి చుట్టుపక్కలంతా పల్చగా చెదురుతుంది. ఆ చెదురు కాంతి పడేది సరిగ్గా థామ్సన్ రెక్కలు ఉండే చోటే. గీత వందల రెట్లు, వేల రెట్లు బలంగా ఉన్నప్పుడు ఈ పల్చటి పొగే మన సంకేతాన్ని మింగేస్తుంది. కాబట్టి గీతను చివర కెమెరా ముందు మూస్తే లాభం లేదు, ఆఖరి గ్రేటింగ్ మీద పడకముందే తీసేయాలి.

దీనికి మూడు గ్రేటింగుల అమరిక వాడతారు. నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో దీన్ని బాగా సానబెట్టారు. మొదటి గ్రేటింగ్ కాంతిని రంగులుగా విడదీస్తుంది. ఆ వర్ణపటం పడే తలంలో 532 స్థానంలో అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వెడల్పున్న లోహపు పట్టీ నిలబెడతారు. రెండో గ్రేటింగ్ విడిపోయిన రంగుల్ని మళ్లీ ఒక్కటిగా కలుపుతుంది. అలా కలిసిన కాంతిలో ఇప్పుడు 532 దాదాపు లేదు. అది మధ్య స్లిట్ (సన్నటి చీలిక) గుండా మూడో గ్రేటింగ్ మీదికి వెళ్లి, మళ్లీ విడిపోయి కెమెరాకు చేరుతుంది. మూడు గ్రేటింగులు, అరడజను కటకాలు దాటేసరికి కాంతిలో పదోవంతో ఐదోవంతో మిగులుతుంది. ఆ నష్టాన్ని భరించక తప్పదు.

ఇంకో దారి వాల్యూమ్ బ్రాగ్ గ్రేటింగ్. వేలెడంత గాజు దిమ్మె. స్పెక్ట్రోమీటరు స్లిట్‌కి ముందు పెడితే 532ను మాత్రం పక్కకు తిప్పేసి మిగతాది వదిలేస్తుంది. అది కోసే వెడల్పు ఒక నానోమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు, కాంతి నష్టం కూడా తక్కువ. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇదే కొనుక్కోమని నేను చెబుతాను. అయితే దీనికి ఒక పట్టింపు ఉంది. కాంతి సమాంతరంగా రావాలి, కొన్ని మిల్లీరేడియన్లు పక్కకు వాలినా తిప్పడం మానేస్తుంది. అందువల్ల చిన్న బిందువు నుంచి వచ్చే కాంతికే బాగా పనిచేస్తుంది. జెట్ పొడవునా ఐదారు మిల్లీమీటర్లు ఒకేసారి చూడాలంటే మూడు గ్రేటింగులే నయం.

ఇప్పుడు ఫోటాన్ల జమాఖర్చు. ఇది వేయకుండా ఎవరూ సామాన్లకు ఆర్డరు పెట్టొద్దు. 100 మిల్లీజౌళ్ల ఆకుపచ్చ పల్స్‌లో 2.7 × 10¹⁷ ఫోటాన్లుంటాయి. ఎలక్ట్రాన్ సాంద్రత 10²⁰ అనుకుందాం. పుంజంలో ఒక మిల్లీమీటరు పొడవును చూస్తున్నాం, ఎఫ్/9 కటకంతో పోగుచేస్తున్నాం, అంటే 0.01 స్టెరేడియన్. గుణిస్తే పల్స్‌కు దాదాపు 2100 ఫోటాన్లు కటకంలోకి వస్తాయి. స్పెక్ట్రోమీటరులో పోయేవి, కెమెరా ఫోటోకాథోడ్ పట్టుకోలేనివి తీసేస్తే మూడు శాతం మిగులుతాయి. పల్స్‌కు అరవై చిల్లర. అవి మళ్లీ ఇరవై ముప్పై గడుల్లో పంచుకోవాలి. సెకనుకు పది పల్సులతో పది నిమిషాలు కూర్చుంటే 6000 పల్సులు, కెమెరా ఫోటోకాథోడ్ నుంచి మూడు లక్షల ఎనభై వేల ఎలక్ట్రాన్లు. ఆ స్పెక్ట్రమ్ చక్కగా ఉంటుంది. అదే కిలోహెర్ట్జ్ హీలియం జెట్‌లో సాంద్రత 10¹⁸ నుంచి 10¹⁹ మధ్య ఉంటే, ఇదే అమరికలో గంటలు కూర్చోవాలి. ఆ గంటల్లో జెట్ కదలకూడదు, వాయు ప్రవాహం మారకూడదు, లేజర్ శక్తి జారకూడదు. అందుకే కొందరు 10 హెర్ట్జ్ లేజర్ బదులు, పల్స్‌కు కొద్ది మిల్లీజౌళ్లే ఉన్నా సెకనుకు వేల పల్సులిచ్చే లేజర్ వాడతారు. సగటు కాంతి అంతే ఉంటుంది, ప్లాస్మా మీద దెబ్బ తగ్గుతుంది.

అమరిక ఎలా చేయాలో చెబుతాను. ఎన్‌డీ-యాగ్ లేజర్ (నియోడిమియం కలిపిన స్ఫటికపు లేజర్) రెండో హార్మోనిక్, అంటే 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి, తీసుకోండి. మిగిలిన 1064 నానోమీటర్ల అసలు కాంతిని డైక్రోయిక్ అద్దాలతో (రంగును బట్టి కాంతిని వేరుచేసేవి) పూర్తిగా తీసేయండి. అది కంటికి కనపడదు, ఆకుపచ్చ కోసం కొన్న కళ్లద్దాలు దాన్ని ఆపకపోవచ్చు కాబట్టి రెండింటికీ పనికొచ్చేవే పెట్టుకోండి. శక్తిని మార్చడానికి క్యూ-స్విచ్ (లేజర్‌లో పల్స్‌ను వదిలే మీట) ఆలస్యంతో ఆటలాడకండి, పుంజం ఆకారం, పల్స్ వెడల్పు కూడా మారిపోతాయి. అర తరంగ పలక (ధ్రువణ దిశను తిప్పేది), ఒక పోలరైజర్ పెట్టి శక్తి తగ్గించుకోండి. విద్యుత్ క్షేత్రం ఊగే దిశ, మీరు చూసే దిశకు లంబంగా ఉండాలి. ఆ దిశలోనే ఊగితే మీవైపు కాంతే రాదు. సంకేతం లేదని రోజంతా వెతికి చివరికి పలక తిరిగి ఉందని కనిపెట్టడం ఈ రంగంలో మామూలే.

లేజర్ పుంజం, స్పెక్ట్రోమీటరు స్లిట్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. స్లిట్ నిలువుగా ఉంటుంది, పుంజం సాధారణంగా అడ్డంగా వెళ్తుంది. పుంజాన్ని నిలువుగా తిప్పండి, లేదంటే అద్దాలతో ప్రతిబింబాన్ని 90 డిగ్రీలు తిప్పండి. పుంజం బయటికి వెళ్లే చోట, జెట్‌కు కనీసం ఒక మీటరు దూరంలో, మంచి బీమ్ డంప్ పెట్టండి. జెట్ మూసిన గదిలో (ఛాంబర్‌లో) ఉంటే దాని కిటికీలను బ్రూస్టర్ కోణంలో (కాంతి ప్రతిఫలించకుండా దాటిపోయే వాలు) బిగించి, మధ్యలో రంధ్రాలున్న నల్లని పలకలు వేయండి.

పుంజం జెట్‌కి ఎక్కడ తగులుతుందో చూడటానికి సన్నటి సూది పెట్టి, లేజర్‌ను అతి తక్కువ శక్తిలో నడిపి, సూది మొన మెరుపును స్లిట్ మీదికి తెచ్చుకోండి. కెమెరా ఇమేజ్ ఇంటెన్సిఫయర్ (బలహీన కాంతిని పెంచే భాగం) గెయిన్ అప్పుడు సున్నాలో ఉండాలి. తర్వాత సూది తీసేసి ఆర్గాన్ వదిలి రేలీ కాంతి చూడండి. గేట్ సమయం, అంటే కెమెరా కన్ను తెరిచి ఉండే క్షణం, కూడా దీంతోనే సరిచేసుకోవాలి. పల్స్ 8 నానోసెకన్లు, గేట్ 10 నుంచి 20. మీటరు కోయాక్స్ కేబుల్‌కు 5 నానోసెకన్ల ఆలస్యం ఉంటుందని గుర్తుంచుకోండి, ఎవరైనా కేబుల్ మార్చితే గేట్ తప్పుతుంది. పట్టీ తీసి రేలీ చూసేటప్పుడు న్యూట్రల్ ఫిల్టర్ వేయడం మరిచిపోతే ఇంటెన్సిఫయర్‌కు నష్టం, దాని ఖరీదు మీకు తెలుసు.

కిలోహెర్ట్జ్ జెట్ అయితే ఇంకో చిక్కు: లేజర్ పల్స్ ప్రతిసారీ జెట్ చక్రంలో ఒకే క్షణానికి రావాలి. ఎన్‌డీ-యాగ్ కడ్డీ 10 హెర్ట్జ్‌లో ఎంత వేడెక్కుతుందో లెక్కగట్టి లేజర్ తయారుచేస్తారు. దాన్ని 7 హెర్ట్జ్‌లో నడిపితే పుంజం కేంద్రీకరణ మారిపోతుంది. కాబట్టి జెట్ విద్యుత్ సరఫరానే గడియారంగా పెట్టుకుని, ఆ పౌనఃపున్యాన్ని సరిగ్గా 10 హెర్ట్జ్ వచ్చేలా భాగించండి. 20 కిలోహెర్ట్జ్ అయితే 2000తో భాగిస్తే సరిపోతుంది.

చెదురు కాంతి ఎంతుందో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. అదే ప్రవాహంలో ఆర్గాన్ తీసి హీలియం పెట్టండి. హీలియం రేలీ కాంతి ఆర్గాన్‌లో దాదాపు అరవై అయిదో వంతే. సంకేతం అంత పడకపోతే, మిగిలినదంతా నాజిల్ అంచు నుంచో, క్వార్ట్జ్ గొట్టం నుంచో వచ్చే కాంతి. తెరిచిన జెట్‌లో అయితే చుట్టూ ఉన్న గాలి హీలియంలోకి చొరబడకుండా చూసుకుని ఈ పరీక్ష చేయాలి, లేకపోతే గాలినే చెదురు కాంతి అనుకుంటారు. వాక్యూమ్ గది ఉన్నవాళ్లు గాలంతా తోడేసి చూస్తే ఇంకా తేలిక.

ఇక అసలు విషయం, క్రమాంకనం. కెమెరాలో వచ్చిన లెక్కల్ని సాంద్రతగా మార్చాలంటే తెలిసిన సాంద్రత ఉన్న దేన్నో అదే అమరికలో కొలవాలి. ఇక్కడ మన రామన్ పనికొస్తాడు. 1928లో కలకత్తాలో ఆయన కనిపెట్టిన పరిక్షేపణమే, నైట్రోజన్ భ్రమణ రామన్ (అణువు భ్రమణం వల్ల వెదజల్లిన కాంతి రంగు కొద్దిగా మారడం) రూపంలో, ఈ పనికి ప్రపంచమంతటా కొలబద్ద. జెట్ ఆపేసి, అదే చోట స్వచ్ఛమైన నైట్రోజన్ నింపి, అదే శక్తి, అదే గేట్, అదే గెయిన్‌తో స్పెక్ట్రమ్ తీయండి. 532కు అటూ ఇటూ 0.23 నానోమీటర్ల ఎడంతో గీతల వరస కనిపిస్తుంది. సరి సంఖ్య స్థాయిల గీతలు, బేసి గీతలకు రెట్టింపు బలంగా ఉంటాయి. నైట్రోజన్ కేంద్రకపు స్పిన్ వల్ల వచ్చిన లక్షణమది. మీ స్పెక్ట్రమ్‌లో ఆ హెచ్చుతగ్గులు కనిపించకుండా అంతా ఒకే గుట్టలా ఉంటే స్లిట్ మరీ వెడల్పుగా తెరిచారన్నమాట. తరంగదైర్ఘ్యం సరిచూసుకోవడానికి నియాన్ దీపం 533.08, 534.11, 540.06 నానోమీటర్ల గీతలు చేతికందే దూరంలోనే ఉన్నాయి.

నైట్రోజన్ పీడనం, ఉష్ణోగ్రత తెలుసు కాబట్టి దాని సాంద్రత తెలుసు. ప్రతి గీతకూ రామన్ విలువ పుస్తకాల్లో ఉంది. థామ్సన్ వైశాల్యాన్ని రామన్ వైశాల్యంతో భాగిస్తే మిగతావన్నీ, అంటే ఘనకోణం, కటకాల నష్టం, కెమెరా సామర్థ్యం, అన్నీ కొట్టుకుపోతాయి. "రేలీతో ఎందుకు చేయకూడదు, అది ఇంకా బలమైనది కదా" అని అడుగుతుంటారు. రేలీ, చెదురు కాంతి రెండూ ఒకే తరంగదైర్ఘ్యంలో కలిసిపోయి ఉంటాయి. చెదురు కాంతి పది శాతం ఉంటే మీ సాంద్రత కూడా అంతకంతా తప్పుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. పైగా పట్టీ తీస్తే గానీ రేలీ కనపడదు. రామన్ అయితే థామ్సన్ రెక్కలున్న చోటే, అదే దారిలో వస్తుంది.

పట్టీ గురించి ఇంకో మాట. అది 532కు అటూ ఇటూ 0.6 నానోమీటర్లు మూస్తుందనుకుందాం. ఒక ఎలక్ట్రాన్ వోల్టు దగ్గర థామ్సన్ వైశాల్యంలో 43 శాతం ఆ పట్టీ వెనకే ఉండిపోతుంది. 0.3 ఎలక్ట్రాన్ వోల్టు అయితే 70 శాతం. ఆ భాగాన్ని మనం గౌసియన్ (గంట) ఆకారం ఊహించుకుని నింపుతున్నాం. జెట్ ఆగిపోయాక మైక్రోసెకన్ల తర్వాత ఎలక్ట్రాన్లు చల్లబడ్డ దశను కొలిచామని రాసేవాళ్లు ఈ అంకెను పక్కన పెట్టుకుని రాయాలి. చల్లటి ఎలక్ట్రాన్లకు పట్టీ పనికిరాదు, అక్కడ బ్రాగ్ గ్రేటింగే కావాలి.

గౌసియన్ ఆకారమేనా అన్నదానికి తేలికైన చూపు ఉంది. తీవ్రతకు లాగరిథం తీసి, తరంగదైర్ఘ్యపు తేడా వర్గానికి ఎదురుగా గీయండి. సరళరేఖ రావాలి. రెక్క చివర్లలో రేఖ వంగితే ఎలక్ట్రాన్ వేగాల పంపకం మాక్స్‌వెల్ది కాకపోవచ్చు. అయితే ముందు నేపథ్యం సరిగా తీసేశారా అని చూసుకోండి, నూటికి తొంభై సార్లు అదే కారణం. ప్లాస్మా వెలుగుతూ లేజర్ లేకుండా ఒకటి, లేజర్ ఉండి ప్లాస్మా లేకుండా ఒకటి, రెండూ తీయాలి. మొదటిది ప్లాస్మా సొంత వెలుగు, రెండోది చెదురు కాంతి, రామన్.

సాంద్రత ఎక్కువైతే గౌసియనే మారిపోతుంది. ఎలక్ట్రాన్లు విడివిడిగా కాక, ఒకదాని కదలిక ఇంకోదానికి తెలిసేలా గుంపుగా వెదజల్లడం మొదలెడతాయి. దీన్ని ఆల్ఫా అనే సంఖ్యతో చెబుతాం: డీబై దూరంతో (ప్లాస్మాలో ఒక ఆవేశం ప్రభావం తెలిసే దూరం) పోలిస్తే మనం చూసే తరంగం ఎంత పొడవో. 10²¹ సాంద్రత, ఒక ఎలక్ట్రాన్ వోల్టు, 532 నానోమీటర్లు, 90 డిగ్రీలు అయితే ఆల్ఫా దాదాపు 0.25. పర్వాలేదు. 10²² అయితే 0.8. అప్పుడు గౌసియన్ గీస్తే ఉష్ణోగ్రత, సాంద్రత రెండూ తప్పు, గుంపు కదలికను కలుపుకున్న సాల్పీటర్ రూపం వాడాలి. 10²³లో ఆల్ఫా రెండున్నర. గాలిలో లేజర్‌తోనే పుట్టించిన నిప్పురవ్వ అలాంటిది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అధిక శక్తి పదార్థాల కేంద్రంలో లేజర్ ప్లాస్మా వెలుగుతో పదార్థాలను గుర్తించే పని జరిగింది, ఆ ప్లాస్మాలు ఈ కోవవే. ఈ ప్రాంతంలో ఒక లాభం ఉంది. సాంద్రత స్పెక్ట్రమ్ ఆకారంలోనే దాగి ఉంటుంది, రామన్ క్రమాంకనం లేకపోయినా పని జరుగుతుంది.

అందరూ దాటవేసే పరీక్ష ఒకటుంది, దాని మీద కొంచెం గట్టిగానే చెబుతాను. లేజర్ కొలిచేది మాత్రమే కాదు, మార్చేది కూడా. 100 మిల్లీజౌళ్లను 200 మైక్రోమీటర్ల చుక్కలోకి దించితే, 8 నానోసెకన్లలో చదరపు సెంటీమీటరుకు 4 × 10¹⁰ వాట్లు. వాతావరణ పీడనంలో వాయువు తనంతట తానే బ్రేక్‌డౌన్ అయ్యే హద్దుకు అది మరీ దూరం కాదు. ఆ హద్దు రాకముందే రెండు ప్రమాదాలుంటాయి. ఒకటి, ఎలక్ట్రాన్లు పరమాణువులతో, అయాన్లతో ఢీకొంటూ లేజర్ శక్తిని మింగి వేడెక్కుతాయి. రెండోది ఇంకా మోసకారి. ఆర్గాన్ మెటాస్టేబుల్ స్థాయి (ఉత్తేజితమై చాలాసేపు అలాగే నిలిచే స్థితి) 11.55 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంది, అయనీకరణకు 15.76 కావాలి. తేడా 4.21. ఆకుపచ్చ ఫోటాన్ 2.33. రెండు ఫోటాన్లు చాలు, మెటాస్టేబుల్ నుంచి కొత్త ఎలక్ట్రాన్ ఊడిపడుతుంది. జెట్‌లో మెటాస్టేబుల్స్‌కు కొదవ లేదు. అప్పుడు మీరు లెక్కపెట్టేది లేజర్ పుట్టించిన ఎలక్ట్రాన్లను.

దీనికి మందు, శక్తిని అంచెలంచెలుగా మార్చి ప్రతిసారీ సాంద్రత, ఉష్ణోగ్రత కొలవడం. కనీసం నాలుగైదు శక్తులు తీసుకోండి. సాంద్రత శక్తితో పెరుగుతుంటే సున్నా శక్తి దగ్గరికి రేఖను పొడిగించండి, లేదా చుక్కను వెడల్పు చేయండి. అర మిల్లీమీటరు చుక్క అయితే తీవ్రత ఆరో వంతుకు తగ్గుతుంది, సంకేతం మాత్రం దాదాపు అంతే ఉంటుంది, ఎందుకంటే థామ్సన్‌కు మొత్తం ఫోటాన్లు ముఖ్యం, చుక్క సైజు కాదు. స్లిట్ మాత్రం అంత వెడల్పును మింగగలగాలి. అందుకే 250 మిల్లీమీటర్ల కటకం కంటే ఒక మీటరు కటకం నాకు నచ్చుతుంది. శక్తి పరీక్ష చూపించని వ్యాసంలో సాంద్రతను నేను పై హద్దుగానే చదువుతాను.

ఇంటర్‌ఫెరోమీటరు (రెండు పుంజాలను కలిపి వాటి దశ తేడా కొలిచే సాధనం) గురించి కొద్దిగా. ఎలక్ట్రాన్ల వల్ల పుంజం దశ మారుతుంది; ఆ మార్పు సాంద్రతతో, దారి పొడవుతో, తరంగదైర్ఘ్యంతో పెరుగుతుంది. 10²¹ సాంద్రత, ఒక మిల్లీమీటరు దారి, 532 నానోమీటర్లు: 0.0015 రేడియన్. అదే జెట్‌లో ఆర్గాన్ 300 నుంచి 600 కెల్విన్లకు వేడెక్కితే వక్రీభవనం తగ్గి 1.5 రేడియన్ల మార్పు వస్తుంది. వెయ్యి రెట్లు. ఆకుపచ్చలో ఈ పని పెట్టుకోకండి. కార్బన్ డయాక్సైడ్ లేజర్ 10.6 మైక్రోమీటర్లకు వెళ్తే ఎలక్ట్రాన్ వాటా 0.03 రేడియన్‌కు పెరుగుతుంది, వాయువు వాటా 0.08కి తగ్గుతుంది. ఇంకా వాయువే ఎక్కువ, కానీ పల్స్ ప్లాస్మా అయితే కాలంతో విడదీయొచ్చు: ఎలక్ట్రాన్లు నానోసెకన్లలో, మైక్రోసెకన్లలో పుట్టి పోతాయి, వాయువు వేడెక్కడానికి, చల్లబడటానికి అంతకంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. ఆగకుండా వెలిగే జెట్‌కు రెండు రంగుల లేజర్లు ఒకే దారిలో పంపాలి. థామ్సన్ బిందువు దగ్గరి విలువ ఇస్తే, ఇది దారి మొత్తం కూడిక ఇస్తుంది. సెంటీమీటర్ల వెడల్పున్న ప్లాస్మాకు ఇది మంచిది, మిల్లీమీటరు జెట్‌కు కాదు.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: లేజర్ లేకుండా హైడ్రోజన్ బీటా గీత (ప్లాస్మాలో హైడ్రోజన్ వెలువరించే ఒక వర్ణపట గీత) వెడల్పుతో కొలుస్తున్నాం. అది సరిపోదా?

10²¹కు పైన సరిపోతుంది. అక్కడ స్టార్క్ వెడల్పు (చుట్టూ ఉన్న ఆవేశాల వల్ల వచ్చేది) దాదాపు 0.2 నానోమీటర్లు. 10²⁰కి వచ్చేసరికి 0.04 అవుతుంది. గది వేడికి దగ్గరగా ఉన్న ఆర్గాన్‌లో వాన్ డెర్ వాల్స్ విస్తరణే (తటస్థ పరమాణువుల వల్ల వచ్చేది) 0.1 ఉంటుంది. పెద్దదాన్ని తీసేసి చిన్నదాన్ని వెతుకుతున్నారు. వాయువు ఉష్ణోగ్రతలో చిన్న పొరపాటు జరిగినా సాంద్రత రెండింతలు తప్పుతుంది. ఇంకోటి, గీత వచ్చేది జెట్ మొత్తం నుంచి, బాగా వెలిగే చోటుకే అది మొగ్గు చూపుతుంది. ఒక్క చోట థామ్సన్‌తో సరిపోల్చుకున్నాక మిగతా చోట్ల వాడుకోండి.

ప్రశ్న: 355 లేదా 1064 వాడితే?

థామ్సన్ విలువ మారదు, రేలీ మాత్రం తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. 355లో రేలీ ఐదు రెట్లు పెరుగుతుంది, ఫోటాన్ శక్తి మూడున్నర ఎలక్ట్రాన్ వోల్టులకు చేరి అయనీకరణ ముప్పు పెరుగుతుంది. వద్దు. 1064లో రేలీ పదహారో వంతుకు తగ్గుతుంది, కాగితం మీద అదే అన్నిటికంటే మేలు. కానీ నానోసెకన్ గేటింగ్ చేస్తూ ఒక్కో ఫోటాన్‌ను లెక్కపెట్టే కెమెరాలు ఆ రంగుకు దాదాపు గుడ్డివి. అందుకే అందరం 532 దగ్గర ఆగాం.

ప్రశ్న: మా జెట్ తెరిచిన గాలిలోకి పోతుంది. గాలి రామన్ కలిసిపోతోంది.

కొద్ది శాతం గాలి కలిసినా 10²⁰ సాంద్రత థామ్సన్‌తో రామన్ పోటీపడుతుంది. ఆక్సిజన్ రామన్ నైట్రోజన్ కంటే బలమైనది కూడా. రెండు పనులు చేయొచ్చు. స్పెక్ట్రమ్‌ను ఒకేసారి మూడింటి కూడికగా, అంటే థామ్సన్, నైట్రోజన్, ఆక్సిజన్ కలిపి ఫిట్ చేయడం ఒకటి. అలా చేస్తే గాలి ఎంత కలిసిందో, వాయువు ఉష్ణోగ్రతెంతో కూడా వస్తాయి. రెండోది ధ్రువణం. థామ్సన్ కాంతి లేజర్ ధ్రువణాన్నే పట్టుకుని ఉంటుంది. భ్రమణ రామన్‌లో లంబ దిశలో వచ్చేది సమాంతర దిశలో వచ్చేదానికి నాలుగింట మూడు వంతులు. స్లిట్ ముందు పోలరైజర్ పెట్టి లంబంగా తిప్పితే రామన్ ఒక్కటే మిగులుతుంది. దాన్ని నాలుగు బై మూడుతో గుణించి, సమాంతర స్పెక్ట్రమ్ నుంచి తీసేయండి. గ్రేటింగులు రెండు ధ్రువణాలనూ ఒకేలా పంపవు, ఆ తేడాను ముందే స్వచ్ఛమైన నైట్రోజన్‌తో కొలిచి పెట్టుకోండి.

ప్రశ్న: అప్పుడప్పుడు ఒక ఫ్రేమ్ తెల్లగా వెలిగిపోతోంది. ఎందుకు?

దుమ్ము. ఒక్క రేణువు పుంజంలోకి వస్తే అది వెదజల్లే కాంతి, ఆ చోటున్న వాయువంతా వెదజల్లేదాన్ని మించుతుంది, పట్టీ కూడా ఆపలేదు. అమరిక చుట్టూ హెపా వడపోత గాలి వదలండి, ప్లాస్టిక్ తెర కట్టండి. ఎలక్ట్రోడ్ అరిగి రాలే రేణువులైతే వడపోత ఉపయోగపడదు, ఎలక్ట్రోడ్ మార్చాలి. స్పెక్ట్రమ్‌ను చిప్ మీదే ఆరు వేల పల్సులు కూడబెట్టకుండా, వందేసి పల్సుల ముక్కలుగా దాచుకోండి. తెల్లబడ్డ ముక్కను తీసేసి మిగతావి కలపొచ్చు. ఎన్ని ముక్కలు తీసేశారో నోట్‌బుక్‌లో రాసుకోండి. పది శాతం దాటితే ఆ రోజు కొలత ఆపి ముందు దుమ్ము సంగతి చూడండి.